విద్యుత్ ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంట్లు వదిలే కార్బన్ గురించి విడిగా ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

హైదరాబాద్‌లో మేం వాడే కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే. బొగ్గుతో ఒక యూనిట్ తయారైతే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 2015లో కేంద్రం థర్మల్ ప్లాంట్లకు పెట్టిన ప్రమాణాల్లో ధూళి, సల్ఫర్, నైట్రోజన్, పాదరసం ఉన్నాయి, కార్బన్ డయాక్సైడ్ లేదు. (ఉన్నవాటి గడువులే ఎలా వాయిదా పడుతూ వచ్చాయో తమకు తెలుసు.) ఆ వాయువు వల్ల ఎండలు ముదిరితే ఏసీలున్న మాకు బిల్లు పెరుగుతుంది. పాతబస్తీ రేకుల గదుల్లో ఉండేవాళ్లకు, అడ్డా మీద కూలి కోసం నిలబడేవాళ్లకు అది ప్రాణం మీదికొస్తుంది. థర్మల్ ప్లాంట్లున్న పాల్వంచ, మణుగూరు చుట్టుపక్కల ఊళ్లకు బూడిద అదనం.

రాష్ట్రం నడిపే ప్రతి ప్లాంటు ఎంత కార్బన్ వదులుతోందో నెలనెలా ప్రకటించండి. ఏటా తగ్గే పరిమితి పెట్టి, దాటితే జరిమానా వేయండి. ఆ జరిమానా మాత్రం మా బిల్లుల్లో కలపొద్దు. లిఖితపూర్వక జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ విద్యుత్ వినియోగదారు