వార్షిక నివేదిక: జామాకు పరీక్ష, మన చెరువు నీళ్లు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా లాగే ఈ వేసవిలోనూ కాలువలు కట్టేసినన్నాళ్లూ ఊరంతా మంచినీళ్ల చెరువు మీదే బతికింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందొచ్చే నీరు కాలువలో పేరుకున్న మురికినంతా మోసుకొస్తుంది. ఆ నీళ్లు చెరువుకి పెట్టొద్దని ముందే అర్జీ ఇచ్చాం. అధికారులు తీసుకున్నారు గానీ చెరువు గట్టుకి ఒక్కరూ రాలేదు. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనవాళ్లు కిట్‌తో చూస్తే, క్లోరిన్ ఉంటే రావలసిన పసుపు రంగు జాడే లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది ఆకుల పరీక్ష. జామాకు కషాయం తాగితే విరేచనాలు కడతాయని మన ఇళ్లలో అంటారు కదా, ఆ మాట తేల్చుకుందామని డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ మేడం గారిని అడిగాం. జామాకు, దానిమ్మ తొక్క, కరక్కాయ, వేపాకు నీడన ఆరబెట్టి పొడి కొట్టి, కొంత నీళ్లలో, కొంత ఆల్కహాల్‌లో నానబెట్టి వడకట్టారు. ల్యాబ్‌లో పెంచిన ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియాను అగార్ ప్లేట్ (క్రిములు పెరిగే జెల్లీ పోసిన పళ్లెం) నిండా పూసి, రసంలో తడిపిన చిన్న కాగితపు బిళ్లలు దాని మీద పెట్టి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచారు.

మర్నాడు మూత తీస్తే తెల్లగా అలుముకున్న బ్యాక్టీరియా మధ్య కరక్కాయ, జామాకు ఆల్కహాల్ రసాల బిళ్లల చుట్టూ ఖాళీ వలయాలు! వేపాకు నీళ్ల కషాయం చుట్టూ ఏమీ లేదు. వట్టి ఆల్కహాల్ బిళ్ల చుట్టూ కూడా రాలేదు, కాబట్టి ఆ గుణం కరక్కాయదీ జామాకుదే. అన్నిటికన్నా పెద్ద వలయం మాత్రం పోలిక కోసం పెట్టిన యాంటీబయాటిక్ బిళ్లది. కలరా, టైఫాయిడ్ క్రిముల మీద కూడా చేయమని కొందరు పట్టుబట్టారు. అందుకు తగ్గ రక్షణ ఏర్పాట్లు లేవని మేడం గారు ఒప్పుకోలేదు. ఆవిడ చేసింది ముమ్మాటికీ సరైన పని.

వలయం వచ్చిందంటే ప్లేట్ మీద క్రిమి పెరగలేదని మాత్రమే అర్థం. కడుపులోనూ అలాగే జరుగుతుందని కాదు. కరక్కాయతో టైఫాయిడ్ పోతుందని వాట్సాప్‌లో తిప్పుతున్న సభ్యులు దయచేసి ఆపండి. నీళ్ల విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కలపండి. ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయొద్దు.

మేడం గారికి, సెలవు రోజుల్లోనూ వచ్చిన విద్యార్థులకు, కరక్కాయలు ఉచితంగా ఇచ్చిన పచారీ కొట్టు వారికి, ఎండలో ఆకులు కోసుకొచ్చిన మహిళా సభ్యులకు, భోజనాలు పెట్టిన దాతలకు సంఘం రుణపడి ఉంటుంది. జమాఖర్చులు ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు, పట్టిక వెనుక పేజీలో ఉంది.

కుళాయిల దగ్గర క్లోరిన్ చూసే పనికి చేతులెత్తిన వాళ్లలో సగం మంది రెండో వారానికే కనిపించలేదు. ఫోన్ చేస్తే పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు. చివరికి ఆ భారమంతా ఇద్దరు ముగ్గురి మీదే పడింది. వచ్చే వేసవికి వీధికి ఇద్దరు చొప్పున కావాలి. మాట మీద నిలబడేవాళ్లే ఈ సర్వసభ్య సమావేశంలో పేర్లు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి