కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి: కాలేయాన్నీ దిగులునూ కలిపి చూడండి

గౌరవనీయ కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారం, అంటే దీర్ఘకాలిక జబ్బుల ముప్పును అంచనా వేసే ప్రశ్నల పట్టిక గురించి ఈ లేఖ. అందులో టేపుతో నడుము కొలుస్తారు. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే మార్కు పడుతుంది. అదే ఫారంలో మరో రెండు ప్రశ్నలుంటాయి: ఈ రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా, నిరాశగా అనిపించిందా అని. కాలేయంలో కొవ్వు పేరుకునే జబ్బును పట్టుకోవడానికి ఈ రెండు మార్కులనూ పక్కపక్కన పెట్టి చదవాలన్నదే నా విన్నపం.

మా అన్నయ్య మందు ముట్టడు. ఉద్యోగం పోయాక గదిలోంచి బయటికి రావడం మానేశాడు. రాత్రుళ్లు నిద్ర లేదు, తిండికి వేళాపాళా లేదు. స్కానింగ్‌లో గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో ఓ మోస్తరుగా కొవ్వు పేరుకుందని వచ్చింది. రోజూ నడవండి, బరువు తగ్గండి అని చీటీ మీద రాసిచ్చారు. మంచం దిగడానికే మనసొప్పని మనిషి ఎలా నడుస్తాడు? నిద్ర పడుతోందా అని కూడా అడగలేదు.

మా నాన్నదీ కాలేయ జబ్బే, ఆయనకూ తాగుడు లేదు. ఇందులో వంశం పాత్ర ఉంది. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని 2008లో అమెరికాలోని డాలస్ పరిశోధకులు బయటపెట్టారు. బరువు పెరిగేకొద్దీ ఆ జన్యువు మరింత చెరుపు చేస్తుందని తర్వాత తేలింది. డిప్రెషన్ దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే. మనిషిని కదలనివ్వదు, నిద్ర చెడగొడుతుంది, తిండి అదుపు తప్పిస్తుంది. దానికి వాడే కొన్ని మందులతోనూ బరువు పెరుగుతుంది. అలాగని మందులు మానకూడదు, లివర్‌ను కనిపెట్టుకుంటూ వాడాలి. పుట్టుకతో వచ్చిన జన్యువును మార్చలేం. డిప్రెషన్‌కు మాత్రం వైద్యం ఉంది కదా!

ఖరీదైన జన్యు పరీక్షలేమీ అడగడం లేదు. ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా అని ఫారం అడుగుతుంది. తాగుడు లేకుండా కాలేయ జబ్బు వచ్చిందా అని కూడా అడగనివ్వండి. నడుము, దిగులు రెండింట్లోనూ మార్కులు వచ్చినవాళ్లకు పీహెచ్‌సీలో ఉచితంగా కాలేయం తీరు చెప్పే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రక్తపరీక్షలు, ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించండి. వాటికి వయసు జోడిస్తే ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో లెక్క తేలుతుంది. ఫ్యాటీ లివర్ అని తేలిన ప్రతి ఒక్కరినీ ఆ రెండు ప్రశ్నలు అడిగి, అవసరమైతే అక్కడి నుంచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ కలపమనండి. చీటీ మీద నంబరు రాసిస్తే డిప్రెషన్‌లో ఉన్న మనిషి తనంతట తాను ఫోన్ చేయడు.

ఫ్యాటీ లివర్‌ను 2021లో షుగర్, గుండె జబ్బుల్లాంటి అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది మీ శాఖే. ఫారం మళ్లీ అచ్చు వేయకముందే ఈ మార్పులకు ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు