జీతం తీసుకుంటే సేవ కాదా? శాన్ మారినో పాలకులకు బహిరంగ లేఖ

చుట్టూ ఇటలీయే ఉన్న చిన్న దేశం శాన్ మారినోను ఆరేసి నెలలు జంటగా ఏలే గౌరవనీయులైన కెప్టెన్స్ రీజెంట్ ఇద్దరికీ నమస్కారాలు.

ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న కొత్త జంట గద్దెనెక్కాక వచ్చే మొదటి ఆదివారం మీ దేశంలో జనం నేరుగా అర్జీలు ఇస్తారు. ఆ హక్కు పౌరులకే. నేను మీ కొండ కింద ఇటలీ ఊరు రిమినిలో చదువుకుంటున్న గోదావరి జిల్లా వాణ్ని. అందుకే ఈ బహిరంగ లేఖ. విషయం కూడా పరాయివాళ్లదే.

దానధర్మాలతోనో, మరో రకం సేవతోనో మీ రిపబ్లిక్‌కు మేలు చేసిన విదేశీయుల కోసం 1923 జూన్ 5న సెయింట్ అగాథా ఆర్డర్ పెట్టారు. నైట్ నుంచి గ్రాండ్ క్రాస్ దాకా ఐదు మెట్లు. 61 చదరపు కిలోమీటర్ల దేశం పరాయివాళ్ల మేలు గుర్తుపెట్టుకోవడానికే ఒక పతకం ఉంచుకోవడం నాకు భలే నచ్చింది. నేను అడగాలనుకున్నది అన్నిటికన్నా కింది మెట్టు గురించి.

పోయిన చలికాలం బోర్గో మజ్జోరేలో కేబుల్ కార్ కోసం నిలబడ్డాను. పక్కనే చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన. ఆయన్ను చూసుకునే ఉక్రెయిన్ ఆవిడ తన గ్లోవ్స్ తీసేసి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే రుద్ది వెచ్చబెట్టి, వాటినే ఆయనకు తొడిగింది. ఆయనేదో విసుక్కున్నాడు. ఆవిడ ఆయన యాసలోనే బదులిచ్చేసరికి నవ్వేశాడు. ఆవిడ తల్లి మాత్రం ఊళ్లో ఒంటరిగా ఉంటోందట. రోజూ రాత్రి ఫోన్లో చూసుకుంటానంది.

ఆ పతకం ఇలాంటివాళ్లకు ఇవ్వమంటే, జీతానికి చేసే పనికి పతకమేంటి అంటారేమో. మా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరా జీతగాడే, పైగా మమ్మల్ని ఏలిన కంపెనీ మనిషి. అయినా గోదావరిలో మునిగి ఆయన పేరు తలుచుకునేవాళ్లు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. ఆయన జీతం ఎంతో మా తాత ఏనాడూ అడగలేదు.

అసలు మీ దేశానికి పేరిచ్చిన మారినో ఎవరు? అడ్రియాటిక్ అవతల రాబ్ దీవి నుంచి పనికొచ్చిన రాళ్లు కొట్టే మనిషని మీరే చెప్పుకుంటారు. అగాథాది సిసిలీ. 1740లో ఆమె పండుగ నాడే, మీ దేశాన్ని ఆక్రమించిన కార్డినల్ అల్బెరోనీ చెర వదిలిందని ఆమెనూ మీదాన్ని చేసుకున్నారు.

ఆ ఫిబ్రవరి 5నే, ఏటా ఒక్క నైట్ పతకమైనా ఇలా ముసలివాళ్లను ఏళ్ల తరబడి చూసుకున్నవాళ్లకు ఇవ్వండి. దరఖాస్తు మాత్రం వాళ్లతో పెట్టించకండి, పర్మిట్ల కాగితాలతోనే విసిగిపోయి ఉంటారు. పేరు ఆ ఇంటివాళ్లు పంపాలి.

ఇంకొకటి. పతకం ఇచ్చే పూట ఆవిడకు సెలవు ఇప్పించండి. అప్పుడు పెద్దాయన దగ్గర ఎవరుంటారో కూడా ముందే చూడాలి.

ఇట్లు,
రిమిని నుంచి ఒక తెలుగు విద్యార్థి