పీఎంఎస్ఎఫ్ తూచడం ముందు నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మన విశ్వవిద్యాలయాల సైన్సు ల్యాబుల్లో వసతులు లేవని, పరికరాలు మూలన పడ్డాయని పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. రావలసిందే. బయోకెమిస్ట్రీ విభాగంలో టెక్నికల్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను కాబట్టి, ఆ వార్తల్లో ఎప్పుడూ కనపడని ఒక చిన్న సీసా సంగతి మీ ద్వారా చెప్పాలనుకుంటున్నాను. దాని మీద పీఎంఎస్ఎఫ్ అని రాసి ఉంటుంది. అందులో ఉండేది, ప్రొటీన్లు ముక్కలైపోకుండా కాపాడడానికి వాడే తెల్లటి పొడి.

ప్రొటీన్ల మీద పనిచేసే ల్యాబుల్లో ఇది దాదాపు ప్రతిచోటా ఉంటుంది. పిల్లలు పొద్దున్నే కొట్టుకెళ్ళి మేక కార్జం తెస్తారు. ఐసులో పెట్టి ముక్కలు చేసి, పీహెచ్ మారకుండా చూసే బఫర్ అనే ద్రావణాన్ని చల్లగా పోసి రుబ్బుతారు. కణాలు పగిలాయంటే వాటిలో అప్పటిదాకా విడిగా ఉన్న, ప్రొటీన్లను కోసే ప్రొటియేజ్ ఎంజైములు కంచె తెగిన గొడ్లు చేను మీద పడ్డట్టు మిగతా ప్రొటీన్ల మీద పడి తెగ్గొట్టేస్తాయి. వాటిని ఆపడానికి వేసేవే ప్రొటియేజ్ ఇన్హిబిటర్లు. వెయ్యకపోతే ఏమవుతుందో, ప్రొటీన్లను సైజు వారీగా విడదీసి చూపే జెల్ మీద స్పష్టంగా తెలుస్తుంది. నీలం రంగు పట్టి గీతల్లా విడివిడిగా కనపడాల్సిన బ్యాండ్లు అలికినట్టుగా కిందికి జారిపోయి ఉంటాయి. "మేడమ్, అంతా స్మియరే వచ్చింది" అంటూ మొహం వేలాడేసుకుని వచ్చే స్కాలర్లను సర్వీసంతా చూస్తూనే వచ్చాను.

అన్ని ప్రొటియేజ్‌లనూ ఒకే మందు ఆపలేదు. ట్రిప్సిన్ లాంటి సెరీన్ రకానికి పీఎంఎస్ఎఫ్, కాథెప్సిన్ డి లాంటి వాటికి పెప్‌స్టాటిన్, సిస్టీన్ రకానికి ఇ-64, లోహం మీద ఆధారపడేవాటికి ఈడీటీఏ వాడతారు. అన్నిటిలోకీ చవక, పాతకాలం నుంచీ అలవాటైనదీ పీఎంఎస్ఎఫ్. అందుకే డబ్బులు తక్కువున్న మన ల్యాబులన్నీ దీన్నే నమ్ముకున్నాయి.

చిక్కు కూడా దీనితోనే. మింగితే విషం. చర్మాన్ని, కళ్ళను కాలుస్తుంది. ఎంజైములో పనిచేసే చోట ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి గట్టిగా అతుక్కుని ఇక వదలదు. మన నరాలకు అత్యవసరమైన ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైములోనూ అలాంటి సెరీనే ఉంది. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు దెబ్బ కొట్టేది ఆ ఎంజైమునే. పత్తి చేలల్లో మందు కొడుతూ పడిపోయిన రైతును ఆస్పత్రికి మోసుకెళ్ళిన ఊళ్ళ వాళ్ళకు ఆ దెబ్బ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తీవ్రత, మోతాదు వేరు కావచ్చు, తగిలే చోటు మాత్రం అదే. ఇదేమీ కొత్తగా బయటపడిన సంగతి కాదు. ఫార్నీ, గోల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1963లో పీఎంఎస్ఎఫ్ జాతి రసాయనాల మీద ప్రచురించిన పరిశోధన పత్రంలోనే, కైమోట్రిప్సిన్, ట్రిప్సిన్‌లతో పాటు ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్‌తోనూ ఇవి ఎంత వేగంగా కలుస్తాయో కొలిచి చూపించారు.

అలాంటి పొడిని మన దగ్గర ఎలా తూస్తారో చెప్తాను. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది. బ్యాలెన్స్ తలుపు తెరిచి, కాగితం ముక్క మీద స్పాచులాతో కొంచెం కొంచెంగా పోస్తూ, నూట డెబ్బై నాలుగు మిల్లీగ్రాములు వచ్చేదాకా ఓ అమ్మాయి దాని మీదికి వంగి చూస్తుంటుంది. చేతులకు గ్లవ్స్ ఉండవు, మూతికి చున్నీయే దిక్కు. ఎక్కువైన పొడిని మళ్ళీ సీసాలోకి తట్టేస్తుంది. విషపు గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉందా అంటే ఉంది, దాన్నిండా ఖాళీ యాసిడ్ సీసాలు పేర్చి ఉంటాయి. నేను పనిచేసిన చోట ఈ విషయం ఎన్నోసార్లు పైవాళ్ళకు రాసిచ్చాను. "ఇన్నేళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదు కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు.

పద్ధతి మార్చడానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ముందు మూత ఉన్న ఖాళీ గొట్టం బరువు చూసుకోవాలి. హుడ్‌లో, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని అందులో కొంచెం పొడి వేసి మూత బిగించాలి. అప్పుడు మళ్ళీ తూచి, ఎంత పడిందో దానికి సరిపడా ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ లెక్కగట్టి పోసుకుంటే చాలు. వంద మిల్లీమోలార్ ద్రావణానికి ఒక మిల్లీలీటరుకు 17.4 మిల్లీగ్రాములు. 87 మిల్లీగ్రాములు పడితే 5 మిల్లీలీటర్లు. పొడి గాల్లోకి లేవదు, సీసాలోకి తిరిగి పోయాల్సిన పనీ ఉండదు. విభాగం మొత్తానికి శిక్షణ ఉన్న ఒక్కరే ఇలా కలిపి ఫ్రీజర్‌లో పెడితే పిల్లలెవరూ ఆ సీసా ముట్టుకోనక్కర్లేదు.

ఇంకొకటి కూడా పిల్లలకు చెప్పాలి. నీళ్ళలో పీఎంఎస్ఎఫ్ నిలవదు. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7.5 దగ్గర 55 నిమిషాలకే సగం చచ్చిపోతుంది, పీహెచ్ 8 అయితే 35 నిమిషాలకే. పొద్దున బఫర్‌లో కలిపింది మధ్యాహ్నానికి పనిచెయ్యదు. ఇది తెలియక ప్రయోగం చెడినప్పుడల్లా మోతాదు పెంచి, మళ్ళీ మళ్ళీ తూస్తుంటారు. రుబ్బే ముందు అప్పటికప్పుడు కలుపుకోవాలని ఎవరైనా ఒక్కసారి చెప్పుంటే ఆ తూకాలన్నీ తప్పేవి.

ఏఈబీఎస్ఎఫ్ అని ఇదే పని చేసే మందు ఉంది. నీళ్ళలో కరుగుతుంది, విషగుణం తక్కువ. ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. కనీసం ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ వరకైనా అది కొనిపెట్టమని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను. డిగ్రీ పిల్లలకైతే అదీ అక్కర్లేదు. సోయా గింజల్లోనే ట్రిప్సిన్‌ను ఆపే ప్రొటీన్ ఉంది. మోసెస్ కునిట్జ్ 1940లలోనే దాన్ని స్ఫటికాలుగా తీశాడు. పచ్చి సోయా నానబెట్టి రుబ్బి, వడకట్టి, ఆ నీళ్ళను ట్రిప్సిన్‌లో కలిపి వెన్న తీసిన పాలలో వేస్తే పాల తెలుపు పోయి తేటపడడం నెమ్మదిస్తుంది. పక్కన సోయా కలపని గొట్టం పెడితే తేడా కళ్ళకు కడుతుంది. ఇన్హిబిటర్ అంటే ఏమిటో అంతకన్నా బాగా ఏ పొడీ నేర్పదు.

ఉన్నత విద్యామండళ్ళు, విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలు కొత్త బ్యాచ్ చేరేలోపే ఈ పని చెయ్యాలి. ప్రాక్టికల్స్ మొదటి వారం రసాయన భద్రతకు కేటాయించాలి, అందులో పీఎంఎస్ఎఫ్ పేరు పెట్టి చెప్పాలి. ప్రతి విభాగంలో హుడ్ ఖాళీ చేయించి అది గాలి లాగుతోందో లేదో చూడాలి. పిల్లల చేతికి సరిపోయే సైజు నైట్రైల్ గ్లవ్స్ కొనాలి. మిగిలిన పీఎంఎస్ఎఫ్ బఫర్‌ను నేరుగా సింకులో పోయకుండా, క్షారం కలిపి పీహెచ్ 8.6 దాటించి కొన్ని గంటలు బయట ఉంచిన తర్వాతే పారబోయాలని ల్యాబు గోడ మీద తెలుగులో రాసి అంటించాలి.

– ఒక విశ్రాంత టెక్నికల్ అసిస్టెంట్, హనుమకొండ