రెప్లికా అలాయ్స్ కొనేముందు

అన్నలూ, నిన్న ఒక తమ్ముడు స్విఫ్ట్‌కు రెప్లికా అలాయ్స్ (పేరున్న కంపెనీల డిజైన్‌కు నకలుగా చేసిన అలాయ్ చక్రాలు) వేయించొచ్చా అని అడిగాడు కదా. వేయించుకో తమ్ముడూ, కానీ డిజైన్ చూసి మురిసిపోకు. 4 నట్లు, పీసీడీ (నట్ల రంధ్రాల మధ్యల మీదుగా గీసే వృత్తం వ్యాసం) 100 మిల్లీమీటర్లు కుదిరితే చాలనుకున్నా నేను. స్విఫ్ట్ హబ్ (చక్రం మధ్య రంధ్రంలో కూర్చునే భాగం) 54.1 మిల్లీమీటర్లు, నేను కొన్న చక్రాల మధ్య రంధ్రం 73.1. ఆ సందు పూడ్చే రింగు లేకుండానే బిగించేశారు. రేణిగుంట రోడ్డులో 80 దాటితే చాలు, స్టీరింగ్ ఒకటే వణుకు! మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు, రింగులు వేశాకే కుదుటపడింది.

ఇంకోటి, చక్రం తిరగేసి వెనక చూడండి. ఎన్ని కిలోలు మోస్తుందో అచ్చుపోసి ఉండాలి. లేకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుమల ఘాట్ దిగేవాళ్లం మనం. పాత చక్రాలు మాత్రం అమ్మేయకండి.