మజరాల పేర్లు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నేను బ్రాంచి పోస్టాఫీసులో 34 ఏళ్లు ఉత్తరాలు పంచి, 65 నిండాక దిగిపోయిన గ్రామీణ డాక్ సేవక్‌ని. మాది ఒక పెద్దూరు, చుట్టూ నాలుగు మజరాలు, అంటే శివారు పల్లెలు. అందరికీ పంచాయతీ ఒకటే, పిన్‌కోడ్ ఒకటే, కాగితం మీద ఊరి పేరూ ఒకటే. చిక్కంతా అక్కడే.

ఆ మజరాల్లో కొండపాలేనికీ కొత్తపాలేనికీ మధ్య వాగు. కవర్ల మీద రెంటినీ ‘కొ.పాలెం’ అనే రాసేవారు. అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్నవాళ్లు రెండుచోట్లా ఉండేవారు. ఒకసారి ఇంటర్వ్యూ కార్డు ఒకటి వాగుకి అటు ఇవ్వాల్సింది ఇటు ఇచ్చేశాను. సంగతి తెలిసేసరికి తేదీ దాటిపోయింది. ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

పోయిన వానాకాలంలో కొండపాలెంలో ఒకమ్మాయికి రాత్రిపూట నొప్పులొస్తే అంబులెన్సుకి ఫోన్ చేశారు. ఏ ఊరంటే ఆధార్‌లో ఉన్న పేరే చెప్పారు. బండి తిన్నగా పెద్దూరి రామాలయం దగ్గరికెళ్లి ఆగింది. వీళ్లేమో మూడు కిలోమీటర్ల ఇవతల, వానలో, చప్టా మీద టార్చిలైటు ఊపుతూ నిలబడ్డారు. తల్లీబిడ్డా క్షేమమే గానీ ఆ అరగంట టెన్షన్ పగవాడికి కూడా వద్దు. డ్రైవరుని ఏమనగలం? అతనికి చెప్పిన అడ్రసులో కొండపాలెం లేదు.

2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పెట్టినప్పుడు మైదాన ప్రాంతాల్లో 500 జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డన్నారు. రూల్లో ఉన్నది మజరాలన్నీ కలిపి లెక్కేసే రెవెన్యూ గ్రామం కాదు, విడిగా ఉన్న ఆవాసమే. జనగణన వాళ్లు అచ్చువేసే లెక్కలు మాత్రం రెవెన్యూ గ్రామం దగ్గరే ఆగిపోతాయి. మరి కొండపాలెంలో ఎందరున్నారో ఏ పుస్తకం చూసి చెప్పాలి?

2011 తర్వాత ఇన్నాళ్లకు జనగణన వచ్చింది. 2027 మార్చి 1 నాటికి దేశంలో ఎందరున్నారో లెక్క తేలుస్తారట. ఈసారైనా రెవెన్యూ గ్రామం కింద మజరాల పేర్లు, జనాభా విడివిడిగా అచ్చువేయాలని అధికారులను కోరుతున్నాను. ఎన్యూమరేటర్లుగా వచ్చే టీచర్లకు ఒక మనవి. పెద్దూరి అరుగు మీద కూర్చుని కొండపాలెం ఇళ్లు రాసేయకండి, వాగు దాటి రండి. దారి తెలియకపోతే నన్ను పిలవండి, వెంట వస్తాను. ఏ గడపలో ఎవరుంటారో ఇంకా మర్చిపోలేదు.

– ఒక రిటైర్డ్ గ్రామీణ డాక్ సేవక్