ఆ కథలో కెమిస్టు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

స్వయంకృషితో పైకి వచ్చిన వ్యాపారుల పరిచయాలు పత్రికల్లో తరచుగా వస్తున్నాయి. ఏ సంబంధమూ లేని రంగం నుంచి చర్మ సంరక్షణ ఉత్పత్తుల వ్యాపారంలోకి వచ్చి నిలదొక్కుకున్నవారి కథలకు వాటిలో పెద్దపీటే దక్కుతోంది. 12 ఏళ్లు ఇతరుల జమాఖర్చులు సరిచూస్తూ గడిపి, ఆ తర్వాత ఈ వ్యాపారంలోకి దిగి, 8 ఏళ్లుగా క్రీములూ సీరమ్‌లూ అమ్ముకుంటున్న మనిషిని కాబట్టి, ఆ కథనాలను నేను ఒక్కటీ వదలకుండా చదువుతాను. చదివిన ప్రతిసారీ ఒకటే సందేహం మిగులుతుంది: ఈ కథలో కెమిస్టు ఎక్కడ?

ఈ కథనాలన్నీ ఒక వరసలో నడుస్తాయి. కథానాయికకు తన చర్మంతోనే ఇబ్బంది. బజారులో దొరికేదేదీ ఆమెకు పడదు. విసిగిపోయి తానే ఒక క్రీము కలుపుకుంటుంది. చూసినవాళ్లు అడిగి పట్టుకుపోతారు. తర్వాతి వాక్యంలో కంపెనీ వెలుస్తుంది. ఆ రెండు వాక్యాల నడుమ ఎంత లేదన్నా ఏడాది కాలం, ఏ పదార్థం ఎంత కలపాలో తేల్చే ఒక ఫార్ములేషన్ కెమిస్టు, ఒక పరీక్షాశాల, పనికిరాక పక్కన పడేసిన నమూనాలు ఉండి తీరాలని ఈ పనిలో ఉన్నవారెవరికైనా తెలుసు. పాఠకుడికి మాత్రం తెలియదు. పైగా, ఆమెకు ఈ రంగంలో ఓనమాలు కూడా తెలియవన్న మాటను బిరుదులా తగిలించి కథ ముగిస్తారు. దాని ఫలితాన్ని నేను నా గదిలో కూర్చుని చూస్తున్నాను. సలహా కోసం వచ్చే కొత్తవారి దగ్గర కంపెనీ పేరు ఉంటుంది, లేబుల్ ఉంటుంది, పెట్టె రంగు కూడా ఖాయమై ఉంటుంది. లోపల పోసేదేమిటని అడిగితే, అది ఎవరి చేతనైనా చేయించుకోవచ్చు కదా అంటారు.

బయటివాళ్లు ఈ రంగంలో గెలవలేరని నేను అనడం లేదు. నిజానికి ఈ రంగం చరిత్రలో సగం వాళ్లదే. 1976లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో బాడీ షాప్ అనే సౌందర్య సాధనాల దుకాణాల్లో మొదటిదాన్ని తెరిచిన అనీటా రాడిక్ ఉపాధ్యాయ శిక్షణ పొందిన మనిషి, అంతకుముందు హోటల్ నడిపారు. డ్రంక్ ఎలిఫెంట్ అనే చర్మ సంరక్షణ కంపెనీని స్థాపించిన టిఫనీ మాస్టర్‌సన్ నలుగురు పిల్లల్ని పెంచుతున్న గృహిణి. 2019లో ఆ కంపెనీని జపానుకు చెందిన షిసైడో 84.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అయితే రాడిక్ దుకాణాలకు సరుకు తయారుచేసి ఇచ్చినవారిలో మార్క్ కాన్‌స్టంటైన్ ఒకరు; జుట్టు, మాడు సంరక్షణలో శిక్షణ పొందిన ఆయనే ఆ తర్వాత 1995లో లష్ కంపెనీని స్థాపించినవారిలో ముఖ్యుడు. మాస్టర్‌సన్ ఏమి వద్దో, ఏమి కావాలో స్పష్టంగా చెప్పి, ఫార్ములాలు కెమిస్టు చేత రాయించుకున్నారు. ఇంకా వెనక్కి పోతే, 1946లో కంపెనీ పెట్టిన ఎస్టే లాడర్‌కు క్రీముల తయారీ నేర్పింది కెమిస్టు అయిన మేనమామ. వాళ్లు బయటివాళ్లే కావచ్చు, ఒంటరివాళ్లు కారు.

బయటివాడి బలం ఏమిటో తెలుసుకోవాలంటే బ్రాండన్ ట్రుయాక్స్‌ను చూడాలి. కంప్యూటర్ సైన్సు చదివిన ఆయన, ఎప్పటినుంచో అందరికీ తెలిసిన, చవకగా దొరికే పదార్థాలను అంత ధరకు ఎందుకు అమ్ముతున్నారని అడిగారు. 2016లో టొరంటోలోని తన డెసియెమ్ కంపెనీ నుంచి ది ఆర్డినరీ అనే వరుసను విడుదల చేసి, సీసాలకు ముద్దుపేర్లు పెట్టకుండా ‘నియాసినమైడ్ 10% + జింక్ 1%’ అని లోపలి పదార్థాన్నే పేరుగా పెట్టారు. అలవాటు పడిన కళ్లకు ఆ ప్రశ్న తట్టదు, కనుక అది బయటినుంచే రావాలి. కానీ జవాబు తయారైంది ఆ కంపెనీ సొంత ప్రయోగశాలలో. ప్రశ్న వేయగలగడమూ, జవాబు తయారుచేయగలగడమూ ఒకే మనిషిలో ఉండనక్కరలేదు. ఒకే కంపెనీలో మాత్రం ఉండాలి.

ఇక అసలు విషయం నీళ్లు. మనం క్రీము అనుకునేదాంట్లో చాలావరకు నీళ్లే ఉంటాయి. నీళ్లున్నచోట బ్యాక్టీరియా, ఈస్టు, బూజు పెరుగుతాయి. ఇంట్లో చేసుకున్న క్రీమును వారంలో వాడేస్తాం కనుక అంతగా పైకి తెలియదు. అమ్మే క్రీము గిడ్డంగిలో నెలలు, దుకాణంలో నెలలు, కొన్నవారి స్నానాల గదిలో మరికొన్ని నెలలు నిలవ ఉండాలి. అందుకే చెడిపోకుండా కాపాడే ప్రిజర్వేటివ్ వేస్తారు, వేసినది పనిచేస్తోందో లేదో చాలెంజ్ టెస్ట్ పెట్టి చూస్తారు. ఆ పరీక్షలో సూక్ష్మజీవులను కావాలనే క్రీములోకి ఎక్కించి, 7వ రోజున, 14వ రోజున, 28వ రోజున ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. అలా ఎక్కించేవాటిలో సూడోమోనాస్ ఒకటి. తడి ఉన్నచోటల్లా బతకగల ఈ బ్యాక్టీరియా కంటి గాయంలో చేరితే చూపుకే ముప్పు. కంటి చుట్టూ రాసుకునే క్రీము అమ్మేవారు ఈ పరీక్ష గురించి వినలేదంటే నాకు భయం వేస్తుంది.

ఈ పాఠం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా మొదటి లోషన్ పంపు సీసాలో అన్ని పరీక్షలూ నెగ్గింది. ఆ తర్వాత, చూడటానికి బాగుంటుందని వెడల్పు మూతి డబ్బాలోకి మార్చాను. లేబుల్ మీద రాసుకోవడానికి ఆకర్షణగా ఉంటుందని ఒక మొక్క సారాన్ని 1 శాతం కలిపించాను. ఫార్ములా గానీ డబ్బా గానీ మారితే పరీక్ష మళ్లీ చేయించాలని తయారీదారు ఉత్తరంలో ఒక వాక్యం రాశారు. జమాఖర్చులు చూసిన చేయి కదా, ఆ రుసుమూ ఆ 28 రోజులూ మిగుల్చుకోవచ్చనిపించింది. మూడో నెలలో ఒక కొనుగోలుదారు ఫోటో పంపారు. డబ్బా అంచు వెంట బూడిదరంగు చుక్కలు. వెడల్పు మూతి డబ్బాలో రోజూ వేళ్లు మునుగుతాయి, మొక్క సారం సూక్ష్మజీవులకు మేత అవుతుంది. ఈ రెంటినీ తట్టుకునేంత ప్రిజర్వేటివ్ అందులో లేదు. బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పించి, అందరికీ డబ్బు తిరిగి ఇచ్చేసరికి ఏడాది సంపాదన తుడిచిపెట్టుకుపోయింది. ఎవరికీ హాని జరగకపోవడం నా అదృష్టం, నా జాగ్రత్త కాదు.

సందర్భం వచ్చింది కనుక ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అన్న ప్రకటన గురించీ ఒక మాట. నీళ్లే లేని నూనెకో బామ్‌కో ఆ మాట చెల్లుతుంది. నీళ్లున్న క్రీము మీద ఆ మాట కనిపిస్తే, ప్రిజర్వేటివ్‌ల జాబితాలో పేరు లేకుండానే ఆ పని చేసే మరో పదార్థం అందులో ఉందని అర్థం; అదీ లేకపోతే ఆ క్రీము కొనకపోవడమే మంచిది. 2004లో ఒక బ్రిటిష్ అధ్యయనం తర్వాత పారాబెన్‌లనే ప్రిజర్వేటివ్‌ల మీద భయం పుట్టి, చాలా కంపెనీలు వాటిని వదిలేశాయి. వాటి స్థానంలోకి వచ్చినవాటిలో ఒకటైన మిథైల్ ఐసోథయాజొలినోన్‌తో ఎలర్జీలు ఎంత పెరిగాయంటే, అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని ‘ఆ ఏటి ఎలర్జీ కారకం’గా ప్రకటించింది, చర్మం మీద కడగకుండా ఉంచేసే ఉత్పత్తుల్లో యూరోపియన్ యూనియన్ 2017 నుంచి దాన్ని నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్‌లకు ‘ఆ ఏటి ఎలర్జీ కారకం కానిది’ అని కితాబిచ్చింది. వినియోగదారుల భయాన్ని లేబుల్ మీదికి ఎక్కించి అమ్ముకోవడం బయటినుంచి వచ్చిన మాలాంటివారికి సులువైన దారి. నేనూ రెండేళ్లు ఆ దారిన నడిచాను.

కొత్తవారిలో మరో కోరిక చూస్తుంటాను: పేరున్న పదార్థాలన్నీ ఒకే సీసాలో ఉండాలని. విటమిన్ సి అసలు రూపమైన ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం చర్మంలోకి ఇంకాలంటే పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 3.5 కంటే తక్కువగా ఉండాలి; గాలీ వెలుతురూ తగిలితే రంగు మారి సత్తువ కోల్పోతుంది. విటమిన్ బి3లో ఒక రూపమైన నియాసినమైడ్‌కు అంత ఆమ్లత్వం గిట్టదు. చాలాకాలం అలా ఉంచితే కొంత నికోటినిక్ ఆమ్లంగా మారి ముఖం ఎర్రబారేలా చేస్తుంది. విటమిన్ ఎలో ఒక రూపమైన రెటినాల్‌కూ గాలీ వెలుతురూ పడవు. ఈ మూడింటినీ ఒకే చోట ఇరికించమని నేను అడిగినప్పుడు మా కెమిస్టు కాదనలేదు. మూడు చిన్న సీసాల్లో కలిపి, వాటిని 40 డిగ్రీల వేడిలో ఉంచి, నెల తర్వాత చూపించారు. ఒకటి ముదురు గోధుమరంగుకు తిరిగింది, ఒకటి విడిపోయింది. మూడోదాని మూత తీశాక ఇక ఏమీ అడగాలనిపించలేదు.

డబ్బు సంగతి. తయారీ ఖర్చుకూ అమ్మకం ధరకూ మధ్య తేడా ఎక్కువే, అందుకే అందరికీ ఆశ. కానీ ఆ తేడాలో చాలాభాగాన్ని ప్రచారం మింగేస్తుంది. చాలాసార్లు సీసా, పంపు, పెట్టె ఖరీదు లోపలి ద్రవం కంటే ఎక్కువ. దీనికంటే లోతైన చిక్కు కాలంలో ఉంది. పై చర్మం కొత్తదవడానికి యవ్వనంలో సుమారు 4 వారాలు, వయసు పెరిగేకొద్దీ అంతకంటే ఎక్కువ పడుతుంది. 30 మిల్లీలీటర్ల సీరమ్ ఒకరికి రెండు నెలల దాకా వస్తుంది. అంటే, కొన్నవారు రెండోసారి కొంటారో లేదో మొదటి అమ్మకం తర్వాత రెండు మూడు నెలలు గడిస్తే గానీ తెలియదు. అంతదాకా ఆగితే సరుకు నిండుకుంటుంది. ఆగకుండా తెప్పిస్తే, తయారీదారు పెట్టిన కనీస పరిమాణం మేరకు వేల సీసాలకు డబ్బు కట్టాలి. మొదటి ఏడాది దెబ్బతిన్న వ్యాపారాలు నాకు తెలిసినవాటిలో చాలావరకు ఈ సందులోనే పడ్డాయి. వాటి సరుకు చెడ్డదేమీ కాదు.

చట్టం గురించి బయటివారికి ఉండే అపోహ ఏమిటంటే, ఎవరో పెద్దలు పరీక్షించి అనుమతిస్తే తప్ప క్రీము బజారులోకి రాదని. అమెరికాలో రంగు పదార్థాలకు తప్ప సౌందర్య సాధనాలకు ముందస్తు ఆమోదం లేదు. క్షేమమని నిరూపించుకునే బాధ్యత అమ్మేవారిదే. 2022 నాటి కొత్త చట్టం తర్వాత, ఎవరికైనా తీవ్రమైన హాని జరిగినట్లు తెలిస్తే 15 పనిదినాల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. యూరోపియన్ యూనియన్‌లో 2013 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం ప్రతి ఉత్పత్తికీ ఒక బాధ్యుడు ఉండాలి, అర్హతగల నిపుణుడు రాసిన భద్రతా నివేదిక ఉండాలి. ఇక, ఒక క్రీము సౌందర్య సాధనమా, మందా అన్నది తేల్చేది అందులో ఉన్న పదార్థం ఒక్కటే కాదు. దాని గురించి మనం చెప్పుకునే మాట కూడా. ‘చర్మం కాంతివంతంగా కనిపిస్తుంది’ అంటే ఒక లెక్క, ‘మొటిమలను నయం చేస్తుంది’ అంటే మరో లెక్క. ఒక్క క్రియాపదం మారితే మందుల చట్టం కిందికి పోతామని తెలియక, ప్రకటనలు రాసేవారు చెప్పినదల్లా అచ్చు వేయించుకున్నవారిని చూశాను. ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్‌ను అమెరికాలో మందుగా, ఐరోపాలో సౌందర్య సాధనంగా పరిగణిస్తారు. అయినా చాలామంది మొదటి ఉత్పత్తిగా దాన్నే ఎంచుకుంటారు. ఇంతకంటే కష్టమైనది వాళ్లకు దొరకలేదేమో అనుకుంటాను.

ఇదంతా చదివి కొత్తవారు వెనక్కి తగ్గాలని నా ఉద్దేశం కాదు. నా లెక్కల చదువు ఇక్కడ వృథా పోలేదు. ఏ ఉత్పత్తి రెండోసారి అమ్ముడవుతోందో, ఏది ప్రచారం ఊపుకే అమ్ముడవుతోందో విడదీసి చూడటం నాకు అక్కడినుంచే వచ్చింది. పదకొండు రకాలుగా ఉన్న నా సరుకును నాలుగింటికి కుదించుకున్నాకే కంపెనీ లాభాల్లోకి వచ్చింది. ఈ రంగంలో పుట్టి పెరిగినవారు ఆ పని చేయడానికి జంకుతారు. నా చేతకానిది ఫార్ములా. దానికి జీతమిచ్చి, మాటకు విలువిచ్చి, కాదన్నప్పుడు ఆగడం నేర్చుకోవడానికి నాకు ఒక బ్యాచ్ మొత్తం ఖర్చయింది.

అందుచేత, ఇకమీదట ఇటువంటి కథనం వేసేటప్పుడు మీ విలేఖరుల చేత రెండు ప్రశ్నలు అదనంగా అడిగించవలసిందిగా మనవి: ఫార్ములా రాసింది ఎవరు, వెనక్కి తెప్పించిన బ్యాచ్ ఏదైనా ఉందా అని. రెండో ప్రశ్నకు నా జవాబు పైన రాసేశాను. మొదటి ప్రశ్నకు జవాబైన వ్యక్తి ఈ ఉత్తరాన్ని మీకు పంపే ముందు చదివి, పీహెచ్ గురించిన పేరాలో రెండు చోట్ల దిద్దారు.

ఇట్లు,
ఒక చర్మ సంరక్షణ ఉత్పత్తుల వ్యాపారి